మంట ముందు బంగారు తెర

పోయినవి లెక్కవేశాను. మాంట్రియల్‌లో, నాకు తెలిసినంతవరకు, బంగారు రేకు అద్దడం వచ్చిన తెలుగు మనిషి ఒక్కరు. ఆ మనిషిలో డెబ్బై తొమ్మిదేళ్ళ జ్ఞాపకం. ఇక రావలసిన శనివారం మధ్యాహ్నాలన్నీ. నా కూడికల మీద వేసే జోకులు, వారానికి నాలుగుకు తక్కువ కాకుండా. పోయిన నెల సుభద్ర గారు నిద్రలోనే దివంగతులయ్యారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడు నాకు చేతనైంది ఈ లెక్కొక్కటే.

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఆవిడ, బేస్‌మెంట్‌లో పాత ఫైర్ స్క్రీన్లు బాగుచేసేవారు. పూర్వం పెద్ద పెద్ద భవంతుల్లో వేడి ముఖానికి కొట్టకుండా ఫైర్‌ప్లేస్ ముందు నిలబెట్టిన చెక్కతెరలవి. చుట్టూ నగిషీ, దానిమీద బంగారు పూత. "చలికాలం మంట నుంచి మనుషుల్ని కాపాడాలి. ఎండాకాలం ఆ మసిగూడు చుట్టాల కంట పడకుండా దాచాలి. పాపం, దీనికి సెలవే లేదు," అని శనివారాల్లో సాయానికి వెళ్ళే నాతో అనేవారు.

బంగారు రేకు వేలికి తగిలితే నలిగిపోతుంది. అందుకని పల్చటి బ్రష్‌ను ముందు చెంపకు రాసుకునేవారు. ఆ కాస్త జిడ్డుకే రేకు అంటుకుని పైకి లేస్తుంది. జనవరిలో ఒకరోజు ఎంత రాసినా రేకు లేవలేదు.

"ఈ చలికి నా చెంపలు ఎండిపోయాయి. నీ చెంప ఇటు పెట్టు ప్రసాదూ, నీది ఆయిల్ మిల్లు."

ఆ రోజంతా బ్రష్ నా చెంప మీదే తిరిగింది.

ఆవిడ చేపట్టిన చివరి తెర నది ఒడ్డున ఉన్న ఒక పాత భవంతిది. వసంతంలో సందర్శకులకు తలుపులు తెరిచేలోగా పని కాకపోతే దానిమీద బంగారు రంగు స్ప్రే చేయిస్తామని అక్కడి మేనేజరమ్మ చెప్పింది. "రంగు కొడితే చెక్క మిగులుతుంది, వెలుగు పోతుంది," అని సుభద్ర ఆంటీ తెరను ఇంటికి తెచ్చేసుకున్నారు.

ఎన్ని రేకులు పడతాయో నన్ను లెక్క కట్టమన్నారు. టేపుతో పొడవు, వెడల్పు కొలిచి రెండు వందలన్నాను. రెండు వందలూ అయిపోయాయి. నగిషీలోని ద్రాక్షగుత్తులు ఇంకా బంగారం కింద వేసే ఎర్రమట్టి పూతతోనే ఉన్నాయి.

ఆంటీ ఒక దారం తెచ్చి ద్రాక్షపండు చుట్టూ తిప్పారు. "నీ టేపు పైపైన పోయింది. బంగారం సందుల్లోకి కూడా దిగాలి కదయ్యా."

"ముందే చెప్పొచ్చు కదా ఆంటీ?"

"చెబితే తలూపి మళ్ళీ టేపే పట్టుకునేవాడివి."

దారంతో కొలిస్తే మూడు వందల పన్నెండు తేలింది. నేను గోడ మీద రాసిన రెండు వందల లెక్క నేటికీ అక్కడే ఉంది, పక్కన ఆవిడ వేసిన సున్నా మార్కుతో సహా.

రెండు వందల డెబ్బై ఒకటో రేకు అద్దిన మర్నాడే ఆవిడ వెళ్ళిపోయారు. అంత్యక్రియలకు వచ్చిన మేనేజరమ్మ తెరను చూస్తానంది. బేస్‌మెంట్‌లో కిటికీ వెలుగు తెర మీద పడుతోంది. తల అటూ ఇటూ వంచి, బంగారం మీద ఆ వెలుగు కదలడం చూసింది. స్ప్రే మాట మరచిపొమ్మనీ, ఎంత ఆలస్యమైనా ఆమె మొదలుపెట్టిన పద్ధతిలోనే ముగించమనీ నాతో అంది. నాకు చేతకాదన్నాను. "ఇన్ని శనివారాలు పక్కనే ఉన్నారుగా," అంది ఇంగ్లీషులో.

అలాంటి చెయ్యి మళ్ళీ రాదు. నా చేతిలో రేకులు చిరుగుతున్నాయి. చిరిగినవి లెక్కలో కలపడం లేదు. ఆంటీ, మీకు నమస్కారం. నిన్నటికి పది నిలిచాయి. ఇంకా ముప్పై ఒకటి బాకీ.