ఖాళీ గడిలో ‘నో’

పదిహేనేళ్లకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. ఇంట్లో కూడా చెప్పలేదు. ఇవాళ మీకు చెప్తున్నాను. మధ్యలో ఆపను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను బహ్రెయిన్‌లో, ఒక ఆసుపత్రి కిడ్నీ విభాగంలో పనిచేసేవాణ్ని. పేషెంట్ల కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం నేనే రాశాను. ఏ కొత్త వివరం కావాలన్నా డాక్టర్లు నన్ను పిలవకుండానే ఒక గడి చేర్చుకోవచ్చు. అందరూ మెచ్చుకున్నారు. పొంగిపోయాను.

కొన్నాళ్లకు పెద్ద డాక్టరు ‘అలర్జీ ఉందా’ అన్న గడి చేర్చాడు. పాత పేషెంట్లకు అది ఖాళీగా కనబడాలి. నా ప్రోగ్రాం మాత్రం ఖాళీ ఉన్నచోటల్లా ‘నో’ అని చూపించేది. అది నాకు ముందే తెలుసు. తర్వాత దిద్దుదాంలే అనుకున్నాను.

మల్లయ్య అని జగిత్యాల మేస్త్రీ, మా విభాగంలో పాత పేషెంటు. గుంటూరు నుంచి వచ్చిన రూతు సిస్టర్ స్క్రీన్ చూసి అతనికి ఇంజెక్షన్ ఇచ్చింది. నిమిషాల్లో మొహం వాచి ఊపిరి ఆగినంత పనైంది. మూడు రోజులు ఊపిరాడించే మిషన్ మీద ఉండి బతికాడు. పాత కాగితం మీద ఆ మందు పడదని రాసే ఉంది.

విచారణ మొదలయ్యేలోపే నేను ప్రోగ్రాం దిద్దేశాను. గడి ఖాళీ అయింది. ఖాళీ ఉంటే పాత కాగితం చూడాల్సింది సిస్టరే కాబట్టి తప్పు ఆమె మీదికి పోయింది. సిస్టర్ నన్ను వరండాలో ఆపింది.

“అన్నా, నేను చూసినప్పుడు నో అనే ఉంది. నీకు తెలుసు కదా. విచారణలో ఒక్క మాట చెప్పన్నా.”

“నాకైతే మంచిగనే కనబడ్తుంది సిస్టర్. తొందరల నువ్వే సరిగ్గ చూడలేదేమో.”

ఆమె మళ్లీ అడగలేదు. వారం తిరక్కుండా వీసా రద్దు చేసి పంపించేశారు.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? అదీ ఉంది. కానీ అంతకంటే, నన్ను మెచ్చుకున్న ఆ డాక్టర్ల ముందు నా పనిలో లోపముందని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు, దానికోసం ఒక మనిషి బతుకుతెరువు పోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

పోయిన నెల ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. అంతా విని, “మళ్లీ నర్సుగా ఎవరూ తీసుకోలేదు” అని ఫోన్ పెట్టేసింది. క్షమించమని నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

మర్నాడే జరిగిందంతా రాసి ఆ ఆసుపత్రికి నా పేరుతో, సంతకంతో ఉత్తరం పంపాను. జవాబు ఇంకా రాలేదు. రాకపోతే మళ్లీ రాస్తాను. తప్పు నాది. ఆమెది కాదు.