సారు బిడ్డ ఏం తింటది?

ఒక ఏడాది జూన్ నుంచి పత్తి ఏరే రోజుల దాకా మా ఇల్లంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. మధ్యాహ్నం మా అమ్మాయి ఏం తినాలి? తిండి లేక వచ్చిన ప్రశ్న కాదది. రెండు చోట్ల తిండి ఉండి వచ్చిన చిక్కు.

హసన్‌పర్తి దాటి లోపలికి తిరిగితే వచ్చే ఒక ఊళ్ళో, సర్కారు హైస్కూల్లో నేను తెలుగు చెప్తాను. పిల్లలు నన్ను సారు అంటారు, బడిలో పోసే సాంబారును చారు అంటారు. రెండూ కొంచెం పలచనే. వేసవి చివర్లో మేం టీచర్లం ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని మా బడికి పంపమని అడుగుతాం. పుస్తకాలు ఫ్రీ, బట్టలు ఫ్రీ, మధ్యాహ్నం అన్నం ఫ్రీ అని తోపుడుబండి వాడిలా చెప్పుకుంటూ పోతాం. ఆ ఏడు ఒక ఇంటి ముందు వడ్లు ఎండబోస్తున్న తల్లి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విని ఒక్క మాట అడిగింది.

"అంత మంచిగుంటే, మీ బిడ్డ ఏ బళ్ళె చదువుతాంది సారూ?"

హన్మకొండలో ప్రైవేటు బళ్ళో అని చెప్పాను. ఆమె కాళ్ళతో వడ్లు తిరగేయడం మొదలుపెట్టింది. మాటకు మాట చెప్పడానికి సమాసాలు వెతుక్కునే తెలుగు పండితుణ్ణి నేను. ఆమె ఒక్క సమాసం కూడా వాడకుండా నా నోరు మూయించింది.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి అమ్మాయిని ఆరో తరగతిలో మా బళ్ళోనే చేర్పించాం. రోజూ బండి మీద నా వెనక కూర్చుని రావచ్చని అది సంబరపడింది. మా ఆవిడ హన్మకొండలో ఒక కళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఆ గాలికో ఏమో ఆమెకు దూరదృష్టి ఎక్కువ. చేర్పించిన రోజే, మరి దాని అన్నం సంగతేమిటని అడిగింది. అందరితో పాటే తింటుందిలే అన్నాను. చేరిన ప్రతి పిల్లకూ బడి అన్నం హక్కే, రూలు ప్రకారం ఏ అడ్డూ లేదు. రూల్సులో లేని అడ్డాలు ఎన్ని ఉంటాయో నాకు ఆ వారమే తెలిసింది.

మొదటి అడ్డం మా బావ. మా ఆవిడకు అన్న, ములుగు రోడ్డులో టైల్స్ దుకాణం. మంచివాడు. ఆదివారం మా ఇంట్లో కోడికూర తింటూ, ప్రభుత్వాలు పంచే ఉచితాల మీద ప్రతివారం ఒక అధ్యాయం చెప్తాడు. ఆ వారం అధ్యాయంలో మేమే ఉన్నాం.

"పిల్లల బువ్వ మీద నాకేం కోపం లేదు బావా. లేనోళ్ళకు పెట్టాలె, నేను కాదన్న? జీతం తీసుకునే నువ్వు గూడ ఆ బంతిల బిడ్డను కూసోవెడితే, ఇగ ఉన్నోడెవ్వడు, లేనోడెవ్వడు? నా పన్ను పైసలు ఎవలకు పోతానయో నాకు తెల్వాలె గద."

పన్ను నేనూ కడుతున్నానని, అది జీతం చేతికి రాకముందే పోతోందని, పైగా మొన్ననే దవడ పన్ను కూడా ఒకటి పీకించుకున్నానని, రెండు పన్నులూ పోయినవాడిగా మాట్లాడే హక్కు ఆయనకంటే నాకే ఎక్కువని అన్నాను. బావ నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. ఆయన మాటలో నిజం లేకపోతే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఉంది. అదే బాధ.

రెండో అడ్డం బడి ముందున్న చాయ్ బండి. సారుకు అంత జీతం వస్తున్నా బిడ్డకు సర్కారు బువ్వే పెట్టి మిగుల్చుకుంటున్నాడని అక్కడ అనుకుంటున్నట్టు నా చెవిన పడింది. దాంతో మర్నాటి నుంచి అమ్మాయికి బాక్స్ కట్టించాను. వారం తిరగకుండానే అదే బండి దగ్గర, అదే బల్ల మీద కూర్చుని, ఆటో నడిపే ఒకాయన నేను వింటున్నానని తెలిసే అన్నాడు.

"సారు బిడ్డకు ఇంటి కెల్లి బాక్స్ వస్తాందట. ఆ బువ్వ మన పిల్లలకే మంచిది గావచ్చు."

తింటే తప్పు, తినకపోతే ముప్పు. ఉచితం అనే మాటకు తగినది అనే అర్థం కూడా ఉందని నేను పిల్లలకు చెప్తుంటాను. మా అమ్మాయి విషయంలో మాత్రం ఏది ఉచితమో తేలలేదు.

ఈ రెండు మాటల మధ్య నలిగింది మా అమ్మాయి. అందరూ వరండాలో బంతిగా కూర్చుంటే, బాక్స్ ఉన్న ఒక్క పిల్లా తరగతి గదిలో ఉండిపోయింది. సాయంత్రం బాక్స్ సగం నిండుగానే ఇంటికి వచ్చేది. ఎందుకు తినలేదంటే, ఒక్కదాన్నే తినబుద్ధి కాలేదనేది. బండి మీద నా వీపు వెనక ఆగకుండా వాగే పిల్ల, హసన్‌పర్తి చెరువు దాటినా నోరు విప్పేది కాదు. ఒక రోజు ఇంటి ముందు బండి దిగుతూ, "నేను పాత బడికే పోతా డాడీ" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టేవాణ్ణి.

ఉపాయం మా ఆవిడ చెప్పింది. ఆ ఉపాయానికి ఇప్పుడు నవ్వొస్తుంది కానీ అప్పుడు మాకు అంతకంటే గొప్పది లేదనిపించింది. బడిలో ఏ రోజు ఏం వండుతారో గోడ మీద రాసి ఉంటుంది కదా, ఇంట్లోనూ అదే వండుదామంది. మా పిల్లలు అన్నం పళ్ళాలు ఎవరివి వాళ్ళే సంచిలో తెచ్చుకుంటారు. అమ్మాయి కూడా పళ్ళెం తీసుకెళ్ళి, తరగతి గదిలో బాక్స్ అందులో వంచుకుని వరండాలో బంతిలో కూర్చుంటే, చూసేవాళ్ళకు బడి అన్నంలాగే ఉంటుంది. సర్కారు మెతుకు ముట్టినట్టూ కాదు, విడిగా కూర్చున్నట్టూ కాదు.

గోడ మీది పట్టికను ఫోనులో ఫోటో తీసుకొచ్చాను. మా ఆవిడ దాన్ని చూసి రాసి ఫ్రిజ్ మీద అంటించింది. మర్నాటి నుంచి మా వంటింటికి సర్కారు మెనూ వచ్చింది. కిచిడీ రోజు కిచిడీ, ఆకుకూర పప్పు రోజు ఆకుకూర పప్పు, గుడ్డు రోజు గుడ్డు. ఆమె తెల్లారకముందే లేచేది. నా బాక్సులోనూ అదే. ఒక రోజు నాకు దొండకాయ వేపుడు తినాలనిపించి అడిగితే, ఇవాళ సాంబారు రోజు అని ఫ్రిజ్ వైపు చూపించింది. ఆ పట్టిక మండలంలో ఏ బళ్ళోనూ అంత నిక్కచ్చిగా అమలై ఉండదు.

ఫలితం మాత్రం ఆశ్చర్యంగా వచ్చింది. బాక్స్ రోజూ ఖాళీ. మెతుకు కూడా మిగిలేది కాదు. అమ్మాయి మళ్ళీ వాగడం మొదలుపెట్టింది. ఎవరి ఇంట్లో మేక ఈనిందో, ఎవరికి ఎవరితో పచ్చి అయి మాటలు పోయాయో నాకు అన్నీ తెలిసిపోయేవి. మా ఆవిడ తన చేతివంటకు ఆలస్యంగానైనా గుర్తింపు వచ్చిందని పొంగిపోయింది. బావ కూడా శాంతించాడు. చాయ్ బండి దగ్గర మాట వేరేవాళ్ళ మీదికి మళ్ళింది. రెండు వైపులా సంధి కుదిర్చానని నా భుజం నేనే తట్టుకున్నాను. సంధి జరిగిన చోట ఏదో ఒక అచ్చు లోపిస్తుందని పిల్లలకు చెప్పేది నేనే. ఇక్కడ ఏం లోపించిందో మాత్రం చూసుకోలేదు.

చూసుకోకపోవడానికి కారణం ఉంది. పిల్లలకు వడ్డించే ముందు టీచర్లలో ఒకరు వంట రుచి చూడాలని నియమం. నా వంతు వచ్చిన రోజు ఒక గరిటె రుచి చూసి, బాగుందని చెప్పి, వెంటనే స్టాఫ్ రూములోకి వెళ్ళిపోయేవాణ్ణి. కూతురి పక్కన నిలబడి తినిపించుకుంటున్నాడని మూడో మాట పుట్టకూడదని.

పత్తి ఏరడం మొదలైన రోజుల్లో నెలవారీ తల్లిదండ్రుల సమావేశం జరిగింది. కూర నీళ్ళలా ఉంటోందని కొందరు తల్లులు అడిగారు. కూరగాయల ధరలు పెరిగాయని వంట చేసే పెద్దమ్మ చెప్పింది. అప్పుడు మిర్చి తోట ఉన్న ఒక రైతు లేచి, ఉన్నోళ్ళు తమ పిల్లలకు బాక్స్ కట్టి పంపితే లేనోళ్ళకు కూర చిక్కగా పడుతుంది కదా అన్నాడు. అచ్చం మా బావ మాటే. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఉన్నోడంటే ఎవరని ఇంకొకాయన అడిగాడు. అయిదెకరాలు కౌలుకు చేసి వానకు మునిగినవాడు ఉన్నోడా, లేనోడా? అక్కడి నుంచి మాట అన్నం దాటిపోయింది. మోటార్ల కరెంటు, ఆడవాళ్ళ బస్సు, ముసలివాళ్ళ పింఛను, రేషన్ బియ్యం అన్నీ మధ్యలోకి వచ్చాయి. కరెంటు తీసుకునేవాళ్ళు బస్సును తప్పుపట్టారు. బస్సు ఎక్కేవాళ్ళు కరెంటు మాటేమిటని అడిగారు. తనకు వచ్చేది హక్కు, పక్కవాడికి వచ్చేది ఫ్రీ. ఆ ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట.

నేను మూలన కూర్చుని, ఈ గొడవ బడి గంట కొట్టేదాకా ఇలాగే సాగితే బాగుండునని కోరుకుంటున్నాను. ఆటో ఆయన నా వైపు తిరిగాడు.

"మనం మనం కొట్లాడుడు ఎందుకు? జీతమున్నాయన ఈడనే ఉండె. సారు బిడ్డ ఏం తింటదో సారునే చెప్పమనుండ్రి. గట్లనే చేద్దాం."

నేను లేచి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, బడి అన్నంలా కనిపించే ఇంటి అన్నం తింటుందని చెప్పాలి. ఆ వాక్యాన్ని మనసులో ఎన్ని విధాల కూర్చినా ఏ విభక్తీ అతకలేదు. మర్నాటి నుంచి అమ్మాయి మళ్ళీ తరగతి గదిలో ఒంటరిగా కూర్చోవడం, ఆ తర్వాత పాత బడి, నా కళ్ళకు కనిపించాయి. గొంతు సవరించుకున్నాను.

నేను నోరు తెరిచే లోపే, వెనక వరసలో కూర్చున్న ఒక తల్లి మాట్లాడింది. పత్తి ఏరడానికి కూలికి పోతుంది. ఆమె కూతురూ ఆరో తరగతే.

"సారును అడుగుడెందుకు, నన్నడుగుండ్రి. సారు బిడ్డ మా బిడ్డ పక్కపొంటి కూసుంటది. బడి బువ్వనే తింటది."

నేను కాదనబోయాను. ఆమె ఆగలేదు.

"ఇంటి కెల్లి తెచ్చింది మా పోరగాండ్లు నలుగురు పంచుకుంటరు. సారు బిడ్డేమో పెద్దమ్మ తాన పెట్టిచ్చుకుంటది. వానలప్పటి సంది గిదే నడుస్తాంది. సారుకు తెల్వదా ఏంది?"

సారుకు తెలియదని సారు ముఖమే చెప్పి ఉంటుంది. వంట పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ తల్లి నా మీద జాలిపడ్డట్టుంది, నెమ్మదిగా ఇంకో మాట చేర్చింది.

"కూరలు మంచిగనే ఉంటయంట సారూ. సాంబారుల చింతపండు జర తగ్గియ్యమని చెప్పుండ్రి."

అప్పుడు నవ్వారు అందరూ. మిర్చి రైతు అందరికంటే ఎక్కువ నవ్వాడు. అంటే సారు ఇంటి కెల్లి ఊరి పిల్లలకు ఫ్రీగా బువ్వ వస్తోందన్నమాట, మరి దీనికి ఎవరి పన్ను అని అడిగాడు. ఆటో ఆయన కూడా నవ్వి, ఇంక కూర్చోండి సారూ అన్నాడు. కూర్చున్నాను. ఎన్నో నెలల తర్వాత కుర్చీకి వీపు ఆనించి కూర్చున్నట్టు అనిపించింది. ఆ రోజు ఎవరూ దేన్నీ తేల్చలేదు. కూరగాయలు కొన్ని తోటల నుంచే ఇద్దామని నలుగురు రైతులు ఒప్పుకున్నారు. ఉన్నోడెవరో, లేనోడెవరో అలాగే మిగిలిపోయింది.

సాయంత్రం బండి మీద అమ్మాయిని అడిగాను, ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదని.

"నువ్వు అడగలేదు కద డాడీ. బాక్స్ ఖాళీ అయిందా అన్నవ్. అయింది అన్న."

పాత బడి సంగతి అడిగాను. ఏ పాత బడి అంది. ఆ తర్వాత చెరువు దాటేదాకా, రేపు కబడ్డీలో ఎవరు ఏ వైపో చెప్తూనే ఉంది.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్తే ముందు చింతపండు మాట పట్టుకుంది. తన సాంబారును అనడానికి వాళ్ళెవరంది. కాసేపటికి, అయితే రేపటి నుంచి చీకట్లో లేవక్కర్లేదు కదా అని, ఫ్రిజ్ మీది కాగితం పీకేసి సోఫాలో కూలబడింది. ఆదివారం బావ వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన తన అధ్యాయం మొత్తం చెప్పాడు. నేనూ నాది చెప్పాను. మధ్యలో దొండకాయ వేపుడు వేసుకున్నాం.

సోమవారం అమ్మాయి సంచిలో పళ్ళెం ఒక్కటే పెట్టుకుని వచ్చింది. ఆ రోజు రుచి చూసే వంతు నాదే. గరిటెడు తిని, బాగుందని చెప్పి, మొదటిసారి వరండాలోనే నిలబడ్డాను. అమ్మాయి వరసలో తోసుకుంటూ వచ్చింది, వెనక ఉన్న పిల్లతో దేనికో కొట్లాడుతూ. అన్నం పెట్టించుకుని, ఇంకొంచెం వెయ్యమని పళ్ళెం మళ్ళీ చాపింది. వేయించుకుని పోయి ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. నా వైపు చూడనేలేదు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉంటే, సాంబారు బకెట్ పట్టుకుని వస్తున్న పెద్దమ్మ ఆగింది.

"జర పక్కకు జరుగుండ్రి సారూ. పిల్లలకు అడ్డమైతాండ్రు."