మేవిస్ గాడిదల్ని ఎందుకు విప్పేసింది

మేవిస్ ఆగ్డెన్ పట్టపగలు తాగి సముద్రపు ఇసుకలో పడిపోయిందనీ, గాడిదల్ని గాలికొదిలేసిందనీ మా వీధిలో చెప్పుకుంటున్నారు. చేపలూ చిప్సూ అమ్మే కొట్టు ముందు పుట్టిన ఈ మాట బ్యూటీ పార్లర్‌ దాకా పాకేసరికి సగం సీసా రెండు సీసాలైంది. తాగిందన్నది శుద్ధ అబద్ధం. మందు ముట్టనని చిన్నప్పుడు ప్రార్థనామందిరంలో వేసిన ఒట్టును తన పెళ్ళినాడు కూడా తప్పని మనిషి. అందరూ షెర్రీ గ్లాసులెత్తితే ఆవిడ టీ కప్పెత్తింది. గాడిదల్ని విప్పడం మాత్రం నిజం. ఎందుకు విప్పిందన్నదే పక్కింటి నోరా ప్రెస్కాట్‌కు అంతుపట్టలేదు.

మేవిస్‌కు ఆ గాడిదలు పెళ్ళితో వచ్చాయి. ఆవిడ భర్త క్లిఫ్ వాళ్ళది తాతల కాలం నుంచీ బీచిలో పిల్లల్ని గాడిదలెక్కించి తిప్పే కుటుంబం. క్లిఫ్‌కు పక్షవాతం వచ్చి కుడి పక్కా, సగం మాటా పోయాక ఆయనా, గాడిదలూ ఆవిడ మీదే పడ్డారు. పొద్దున్నే ఆయన్ని పక్కకు తిప్పి, తుడిచి, ఓట్స్ జావ తాగించి, గాడిదల్ని తోలుకుని బీచికి పోయేది. గాడిదలకు కౌన్సిల్ వారి నియమాలున్నాయి: మధ్యాహ్నం విశ్రాంతి, శుక్రవారం సెలవు, బరువైన పిల్లల్ని ఎక్కించకూడదు, సీజనుకు ముందు డాక్టరు చూడాలి. అవి విశ్రాంతిగా నిలబడ్డ మధ్యాహ్నం వేళే మేవిస్ ఇంటికి పరుగెత్తి, క్లిఫ్‌కు తినిపించి, మళ్ళీ పరుగున వెళ్ళేది. వాటికి సెలవైన శుక్రవారం లాడ్జిలో గదులు తుడిచేది. రాత్రిళ్ళు ఆయన నొప్పికి కేకేస్తే గోడవతల నోరాకు కూడా మెలకువ వచ్చేది. నోరా దుప్పటి చెవుల మీదికి లాక్కుని అటు తిరిగి పడుకునేది.

"బాగున్నావా మేవిస్?" అని చెత్తడబ్బా బయట పెడుతూ నోరా అడిగేది.

"అరిగిపోయానే నోరా."

"అరగనివాళ్ళెవరులే!" అని నవ్వుతూ నోరా తలుపేసుకునేది.

వోర్న్ అవుట్, అరిగిపోయాను. మా ఊళ్ళో ఇది పలకరింపుకు బదులు పలకరింపు. చెప్పుల అడుగుకూ, మెట్ల మీది తివాచీకీ, సైకిలు బ్రేకులకూ చెందిన మాటను మనుషులు తమకు తగిలించుకున్నారు. మెరక ఎక్కిన పోస్టుమాన్ అంటాడు. బడి నుంచి వచ్చిన పిల్లాడు అంటాడు, అని బంతి పట్టుకుని వీధిలోకి పోతాడు. అలిసిన ఒళ్ళు పడుకుని లేస్తే తేలికపడుతుంది. అరిగిన అడుగు రాత్రంతా అరలో పెట్టినా మందం పెరగదు. ఈ తేడా అందరికీ తెలుసు. అయినా, రోజుకు పదిసార్లు వినే మాటకు ఎదుటి మనిషిని తేరిపార చూసేదెవరు?

చలికాలంలో ఒకసారి మేవిస్ మాట మార్చింది. "ఇక నావల్ల కావట్లేదే," అంది. నోరా వెంటనే, "ఉండు, టీ పెడతా," అంది. మా దగ్గర ఇల్లు కూలినా ముందు టీ నీళ్ళే పొయ్యెక్కుతాయి. టీ తాగారు, వాతావరణాన్ని తిట్టుకున్నారు, మేవిస్ వెళ్ళిపోయింది.

మొన్న గురువారం గాడిదలు తమంతట తామే ట్రాం రోడ్డెక్కి ఇంటికి నడిచొచ్చాయి. ముందు డచెస్ అనే గాడిద, వెనక మిగతావి, మెడల్లో గంటలు, వాటి వెనక కదల్లేని ట్రాం, అందులోంచి డ్రైవరు తిట్లు. నోరా ఏప్రాన్ విప్పకుండానే బీచికి దిగింది. మడత కుర్చీలు అద్దెకిచ్చే రెగ్ అప్పటికే మేవిస్‌ను చంకల కింద పట్టి మెట్ల దాకా ఈడ్చాడు. గౌను నడుము వరకూ తడిసి ఉంది. ఆవిడ పడుకున్నచోట అల ఆడుతోంది.

"ఎంత పిలిచినా పలకలేదమ్మా," అన్నాడు రెగ్ వగరుస్తూ.

"ఎంత పట్టించిందో!" అంది గట్టు మీదనుంచి ఎవరో ఆడమనిషి.

మర్నాడు కౌన్సిల్ నుంచి మిస్టర్ పిల్లింగ్ వచ్చాడు. ఒక్కో గాడిద నోరు తెరిచి చూశాడు, గిట్టలెత్తి చూశాడు, వీపు నిమిరి చూశాడు. "భేషుగ్గా ఉన్నాయి," అన్నాడు. మేవిస్ వైపు మాత్రం చూడలేదు. పోతూ పోతూ నోరా గుమ్మం దగ్గర ఆగాడు. "మిసెస్ ప్రెస్కాట్, తాగి ఉంటే లైసెన్సు పోతుంది. పక్కింటివారు కదా, రేపొస్తాను, తెలిసింది చెప్పండి."

లైసెన్సు పోతే గాడిదలు పోతాయి. గాడిదలు పోతే క్లిఫ్ ఏదో ఆశ్రమంలో పడతాడు. నోరా ఆ సాయంత్రమే పక్కింటి తలుపు తోసింది.

వంటగదిలో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న మేవిస్ ఆవిణ్ణి చూసి కెటిల్ అందుకోబోయింది. నోరా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూర్చోవే. టీ వద్దు."

"టీ వద్దా? జ్వరమా నీకు?"

"ఊరంతా నిన్ను తాగుబోతంటోంది."

"అననీవే. పాపం, సరదాగా గడిపిందనైనా అనుకుంటారు."

నోరా నవ్వలేదు. "రేపు పిల్లింగ్‌కి నేనేం చెప్పాలి? ముడులు వాటంతటవి ఊడవు కదా. గాడిదల్ని విప్పి ఇంటికి తోలావు, నువ్వేమో అక్కడే పడుకున్నావు. పోటొచ్చే వేళ నీకు తెలీదా? పుట్టినప్పట్నించీ ఆ సముద్రం పక్కనే పెరిగినదానివి." గొంతు తగ్గించింది. "పిల్లింగ్ సంగతి వదిలెయ్. నాకు చెప్పు. ఎలా ఉన్నావు మేవిస్?"

అడిగి, ఈసారి కదలకుండా కూర్చుంది.

మేవిస్ కత్తి కింద పెట్టింది. చేతులు చాలాసేపు తుడుచుకుంది.

"తెలుసే. నీళ్ళు కాళ్ళకి తగిలినప్పుడు మెలకువగానే ఉన్నా. రెగ్ కేకలు కూడా వినిపించాయి. లేస్తే మళ్ళీ రేపు లేవాలి కదే, ఎల్లుండి లేవాలి... అందుకే లేవలేదు. గాడిదలేం పాపం చేశాయి, వాటిని ముందే పంపించేశా."