ఆధారం డాక్టరుగారి పరిశోధన

ఆధారం డాక్టరుగారికి ఆధారం లేనిదే ఆవలింత కూడా రాదు. ఈ మాటన్నది ఆయన భార్య. పదహారేళ్లు కాపురం చేసిన మనిషి కాబట్టి ఈ మాటకు మాత్రం ఆధారం ఉన్నట్టే.

ఆయన ఫిజియోథెరపిస్టు. అరిగిన మోకాళ్లు, పట్టేసిన నడుములు, అతుక్కున్నా కదలని ఎముకలు ఆయన దగ్గరికొస్తాయి. మందుల దుకాణం పై అంతస్తులో మూడు గదుల క్లినిక్కు. మొదటి గదిలో బల్ల వెనక కూర్చుని టోకెన్లిచ్చే ఆవిడను అందరూ టోకెనమ్మ అంటారు. తొమ్మిదేళ్లుగా ఆయన్ని ఇంట్లో భార్య, ఇక్కడ టోకెనమ్మ చెరిసగం భరిస్తున్నారు.

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే టోకెనమ్మకు సంగతి అర్థమైంది. డాక్టరు తల పట్టుకుని కూర్చుంటే, పాపం అనిపించి, "టీ తాగండి సార్, తలనొప్పి తగ్గుతుంది" అంది.

"ఎవరన్నారు?"

"మా అమ్మ సార్."

"ఎంతమంది మీద పరీక్షించారావిడ?"

"మేం నలుగురు పిల్లలం సార్."

"టీ తాగని నలుగుర్ని పక్కన పెట్టి పోల్చి చూశారా?"

"టీ ఇవ్వకుండా పక్కన పెడితే మా నాన్న ఊరుకునేవాడు కాదు సార్."

డాక్టరు పెదవి విరిచి, టీ మాత్రం తాగాడు. తలనొప్పి తగ్గింది. "ఇది యాదృచ్ఛికం అయ్యుండొచ్చు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ టీ ఇస్తూ కారణం చెప్పడం మానేసింది.

రోగులకు ఆయనంటే గౌరవమే కానీ, ఎదురు వీధి క్లినిక్కంటే ప్రాణం. అక్కడ ఎర్రలైటు, పచ్చలైటు వెలిగే మెషీన్లున్నాయి. లైట్లు వెలిగితే నొప్పి కూడా సిగ్నలు చూసుకుని వెళ్లిపోతుందని జనం నమ్మకం. ఈయన దగ్గరా పాత మెషీనొకటి ఉంది గానీ దానికి ప్లగ్గు పెట్టిన పాపాన పోలేదు. నడుంనొప్పితో వచ్చిన ఒక టైలరమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఆ మెషీను మీద పరిశోధనలేమీ లేవా డాక్టరుగారూ?"

"ఎందుకు లేవు? అదిగో, దాని మీదే ఉన్నాయి."

నిజమే. మెషీను మీద మూరెడు ఎత్తున పరిశోధన పత్రాల దొంతర ఉంది. ఆయనకు అంతకన్నా మంచి బల్ల దొరకలేదు.

"అవన్నీ చదివాక తేలిందేమిటంటే, మీరు లేచి నడవాలి."

"నడవడానికైతే మీ దగ్గరికెందుకు రావడం?" అంటూ టైలరమ్మ విసురుగా లేచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. వచ్చేటప్పుడు ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారన్న విషయం ఆవిడా మర్చిపోయింది.

ఈ న్యాయం సొంతవాళ్లకూ తప్పలేదు. అత్తగారు నడుం పట్టేసి నాలుగు రోజులు కూతురింట్లో పడుకుందామని వస్తే, పొద్దున్నే మంచం మీంచి లేపాడు.

"ఇంటికొచ్చిన అత్తగారిని నడుం వాల్చనివ్వని అల్లుణ్ణి మిమ్మల్నే చూశాను బాబూ."

"నా మాట కాదు అత్తయ్యగారూ. పద్నాలుగు పరిశోధనలు కలిపి చూసి తేల్చారు."

"తేల్చిన ఆ మహానుభావుల్లో ఒక్కడికైనా అత్తగారుందా?"

దానికి ఆయన దగ్గర సమాచారం లేదు. ఆవిడ రెండోరోజే పెట్టె సర్దుకుంది. మెట్లు మాత్రం చకచకా దిగింది.

ఇలాంటి మనిషి చేతిలో లేతు మేస్త్రి పడ్డాడు. లేతు మెషీను మీద నలభై ఏళ్లు ఇనుము చెక్కిన ఆయనకు పేరులో తప్ప మనిషిలో ఎక్కడా లేతదనం లేదు. డెబ్బై దాటాయి. భార్య పోయి రెండేళ్లు. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైంది, ఎముక అతికింది, మనిషి మాత్రం కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. నాలుగు నెలలు చూసి, పక్కవీధిలో ఉండే కూతురు ఆటోలో ఎక్కించి తీసుకొచ్చింది.

డాక్టరు ఉత్సాహంగా కాగితాలు తీశాడు. "మీలాంటివాళ్లు వ్యాయామం చేస్తే నడక మెరుగుపడుతుందని గట్టి ఆధారాలున్నాయండీ."

మేస్త్రి కాగితాల వంక చూడనైనా లేదు. "పనికొచ్చే ముక్కేదో, పారేసే ముక్కేదో నేను చూడగానే చెప్తాను బాబూ. నేను రెండో రకం. అయినా ఎక్కడికి నడవాలి? నడిచెళ్లి కలవాల్సిన మనిషి లేదు."

కూతురు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. డాక్టరు తీసిన కాగితాలు మళ్లీ సొరుగులో పెట్టేశాడు. తొమ్మిదేళ్లలో టోకెనమ్మ అలాంటిది చూడలేదు.

వారం తిరక్కుండా ఆయనే మేస్త్రి ఇంటికి వెళ్లాడు.

"మేస్త్రిగారూ, ఇది మీకోసం కాదు. నేనో పన్నెండు వారాల పరిశోధన చేస్తున్నాను. డెబ్బై దాటాలి, తుంటి అతికి ఉండాలి, లేతు పని చేసి ఉండాలి. మీరు రాకపోతే నా పరిశోధన ఆగిపోతుంది."

"లేతు పనెందుకు?"

డాక్టరు కాస్త తడబడ్డాడు. "నిలబడి చేసే పని కదండీ..."

మేస్త్రి కిటికీ మీంచి చూపు ఇటు తిప్పాడు. "ఊరికే నడవమంటే నడవను. పనంటే మాత్రం చేస్తాను."

ఇక రోజూ పొద్దున ఆరున్నరకల్లా డాక్టరు ఆ ఇంట్లో ఉండేవాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం, కొన్నాళ్లయ్యాక మెట్లు దిగి వీధి చివరిదాకా నడిచి రావడం. డాక్టరు నోట్‌బుక్కులో అన్నీ రాసుకునేవాడు. మేస్త్రి ఆ రాతలో తప్పులు పట్టేవాడు.

"నిన్న నలభై రెండడుగులు కాదు, నలభై మూడు. ఇలా కొలిస్తే మా ఫ్యాక్టరీలో మిమ్మల్ని గేటు కూడా దాటనిచ్చేవాళ్లు కాదు." మర్నాటి నుంచి మేస్త్రి తన స్టీలు స్కేలు జేబులో పెట్టుకుని దిగేవాడు.

పన్నెండు వారాలూ పూర్తయిన రోజు, డాక్టరు ఆ నోట్‌బుక్కు టైపు చేయమని టోకెనమ్మకు ఇచ్చాడు. ఆవిడ నాలుగు పేజీలు తిప్పి లోపలికి వెళ్లింది.

"సార్, ఇందులో మనిషి ఒక్కడే ఉన్నాడు."

"ఊఁ."

"పోల్చి చూసే రెండో గుంపేది?"

"లేదు."

"ఏ పత్రికకి పంపాలి?"

"ఎక్కడికీ వద్దమ్మా." డాక్టరు కళ్లజోడు తీసి, శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ తుడిచాడు. "నేను చదివినవన్నీ ఒకటే చెప్తాయి. వ్యాయామం పనిచేస్తుంది, చేస్తే. ఆ 'చేస్తే' దగ్గరే బండి ఆగిపోతుంది. ఆయన్ని కుర్చీలోంచి ఎలా లేపాలో ఏ కాగితంలోనూ దొరకలేదు. అందుకని అబద్ధమాడాను. ఆయనతో అనకు."

టోకెనమ్మ తలూపి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. బల్ల ముందు మేస్త్రి నిలబడి ఉన్నాడు. కర్ర పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మాయ్, ఇలా రా," అని గొంతు తగ్గించాడు. "డాక్టరుగారి పరిశోధన ఉత్తిదని నాకు రెండో వారమే తెలిసిపోయింది."

టోకెనమ్మ గతుక్కుమంది. "ఎలా బాబాయ్‌గారూ?"

"మా ఫ్యాక్టరీవాళ్లే ఇంకో ఇద్దరు తుంటి విరిగి ఇంట్లో ఉన్నారు. అడ్రసు రాసిచ్చినా ఈయన వెళ్లలేదు. లేతు పనివాళ్లు కరువైన పరిశోధకుడు అలా వదులుకుంటాడా?"

"మరి తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

"మొదటిరోజు ఆయన మూడంతస్తులెక్కి వచ్చి, ఐదు నిమిషాలు ఆయాసంతో మాట రాక నిలబడ్డాడమ్మా. దిగేటప్పుడు మోకాలు కరకరమంది. లోకానికంతా వ్యాయామం చెప్తాడు, తను మాత్రం కుర్చీలో కూర్చుని చదువుతాడు. నేను మానేస్తే ఆయనా మానేస్తాడు కదా! ఇప్పుడు చూడు, నాకన్నా ముందు దిగుతున్నాడు. ఆయనతో అనకు, చిన్నబుచ్చుకుంటాడు."

అంతలో లోపల్నుంచి డాక్టరు పిలుపు. వెళ్లింది.

"మేస్త్రిగారికేమైనా అనుమానం వచ్చిందంటావా?"

"అబ్బే, లేదు సార్."

"పన్నెండు వారాలూ అయిపోయాయి. ఇప్పుడేం చెప్పి కొనసాగించాలో తోచడం లేదు."

టోకెనమ్మ తన బల్ల దగ్గరికొచ్చి కొత్త ఫారం టైపు చేసింది. పైన 'రెండో దశ' అని కొట్టింది. ఎన్ని వారాలో చెప్పాల్సినచోట ఖాళీ వదిలింది. పాల్గొనేవారి సంఖ్య దగ్గర ఒక్క క్షణం ఆగి, 'ఇద్దరు' అని కొట్టి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించింది.

రెండోవాడెవరని డాక్టరూ అడగలేదు, మేస్త్రీ అడగలేదు.