కాళ్ల మ్యాపు

రోడ్లు, వంతెనలు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర నేను ఉద్యోగం చేస్తాను. నా పని కాంక్రీటు పోయించడం కాదు, మాట్లాడటం. ఏదైనా రోడ్డు కొన్నాళ్లు మూసెయ్యాల్సి వస్తే, పని మొదలవ్వకముందే అక్కడి దుకాణాలకు వెళ్లాలి. ఎప్పటిదాకా మూస్తారో, బండ్లు ఎటు తిరిగి రావాలో చెప్పాలి. సరుకు ఎప్పుడు దింపించుకోవాలి, దుకాణానికి వచ్చే గిరాకీకి కొత్త దారి ఎలా తెలపాలి అన్నవి వాళ్లతో కూర్చుని తేల్చాలి. ఇష్టంగానే చేస్తాను. కానీ ఈ పని నాకు నిజంగా నేర్పింది సికింద్రాబాద్‌లో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన.

ఆయన దుకాణం ఉన్న రోడ్డు మధ్యలో నాలా మీద పాత కల్వర్టు ఉండేది. గట్టి వాన పడితే నీళ్లు రోడ్డెక్కేవి. దాన్ని తీసేసి కొత్తది కట్టడానికి రెండు నెలలు పడుతుందన్నారు. నేను రోజూ యాప్రాల్ నుంచి స్కూటీ మీద వచ్చి, దారి మళ్లింపు మ్యాపులు పట్టుకుని ఒక్కో దుకాణం ఎక్కి దిగాను. టిఫిన్ సెంటర్ నడిపే ఆమె గ్యాస్ సిలిండర్లు పొద్దున్నే వచ్చేలా అప్పటికప్పుడే ఫోన్లో మాట్లాడేసింది. ఫొటో స్టూడియో ఆయన మాత్రం కాగితం వైపు చూడనైనా చూడలేదు. "మీరొచ్చి చెప్తే రోడ్డు తెరుసుకుంటదా మేడమ్?" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ వరుసలో చివరిది చాచా దుకాణం. అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. పోలియో వచ్చిన కాళ్లకు, షుగర్‌తో పుండ్లు పడే పాదాలకు కొలత తీసి చెప్పులు, బూట్లు కుడతాడు. నా మ్యాపును చాలాసేపు చూసి, కళ్లద్దాలు నుదుటి మీదికి జరుపుకున్నాడు.

"ఇది బండ్ల మ్యాపు బేటీ. కాళ్ల మ్యాపు ఏది?"

నాకు అర్థం కాలేదు. "ఆటో మెయిన్ రోడ్డు మీద ఆగుతది చాచా. ఆడికెల్లి నడిచొస్తే..."

"నా దగ్గరికి నడవ రానోళ్లే వస్తరు" అన్నాడు.

అప్పుడే కాప్రా నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు పొట్టిదైంది. చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. "టీచరమ్మా, ఈ బేటీతోని జెర నడిచి చూపెట్టున్రి" అన్నాడు చాచా. ఆమె నవ్వి సరేనంది.

ఆమె వచ్చిన ఆటోలోనే మెయిన్ రోడ్డు దాకా వెళ్లి, మ్యాపులో నేను చుక్కల గీత గీసిన ఫుట్‌పాత్ మీదుగా వెనక్కి బయలుదేరాం. నాకైతే మూడు నిమిషాల దారి. కానీ మోకాలెత్తు మెట్టు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం వచ్చింది. కిందికి దిగితే మోటారు సైకిళ్లు. సగం దూరంలో ఆమె ఒక షట్టర్‌కు ఆనుకుని నిలబడింది. చెమట తుడుచుకుంటూ, "మీరేం అనుకోవద్దమ్మా, నాతోని కాదు" అంది. తప్పు నాదైతే, ఆమె నాకు సర్దిచెబుతోంది. ఆ చుక్కల గీతను నేను ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, స్కేలు పెట్టి గీశాను. సిగ్గేసింది.

చాచా పక్కనే ఒక టింబర్ డిపో ఉంది. దాని వెనక గేటు మరో గల్లీలోకి తెరుచుకుంటుంది. ఆ గల్లీకి ఆటోలు వస్తాయి. అటు నుంచి డిపోలోంచి వస్తే చాచా దుకాణం ముప్పై అడుగులే. కానీ ఎన్నో ఏళ్ల కింద డిపో లారీ తగిలి చాచా బోర్డు విరిగిందట. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. "నేనైతే అడగ. నువ్వడుగు" అన్నాడు చాచా.

డిపో యజమాని చేతులు అడ్డంగా ఊపేశాడు. "కట్టెలు మీద పడితే జిమ్మేదారీ ఎవరిది? అది సరే గాని, మీ మ్యాపుల నా లారీ ఎట్ల తిరుగుతదో సూపెట్టు."

చూశాను. నా మ్యాపు ప్రకారం వెనక గల్లీలోంచి రావాలి, కానీ ఆ మలుపులో లారీ తిరగదు. మర్నాడు మా ఇంజనీరుతో వాదించాను. రోజూ పని మొదలయ్యే ముందు, తెల్లవారగానే డిపో వైపు బారికేడ్లు కాసేపు తీయడానికి ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ట్రాఫిక్ పోలీసుల అనుమతి కాగితం కూడా తెచ్చి డిపో యజమాని చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"అయితే పొద్దుగాల లారీ. పదింటి సంది వెనక గేటు తీసుంచుత. మీ చాచా కోసం కాదు, సమజైందా?"

ఇక గిరాకీకి చెప్పాలి. చాచా తన ఫోన్లో మాట రికార్డు చేసి అందరికీ పంపుతానన్నాడు. మొదటిసారి ప్రతి ఒక్కరి ఆరోగ్యం అడిగేసరికే ఆయాసం వచ్చేసింది, దారి సంగతే రాలేదు. మూడోసారికి కుదిరింది.

రోడ్డు మూసిన మొదటి వారంలో టీచరమ్మ ఆటో వెనక గేటు దగ్గర ఆగింది. నేను ఎదురెళ్లాను. ముందురోజు వానకు డిపో నేలంతా రంపపు పొట్టు, బురద. రెండడుగులకే ఆమె కర్ర దిగబడిపోయింది. నేను గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆగున్రి టీచరమ్మా!" అని డిపో యజమాని కుర్చీలోంచి లేచొచ్చాడు. తనే రెండు వెడల్పాటి పలకలు మోసుకొచ్చి ఆమె ముందు పరిచాడు. సాయంత్రానికి గేటు నుంచి గేటు దాకా పలకలు వేసి, కదలకుండా అడ్డపట్టీలు కొట్టించాడు. ఇది ఎవరూ అడిగింది కాదు, ఏ కాగితంలోనూ లేదు.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. ఒకరోజు లారీ ఆలస్యమై దారి మూసుకుంది, ఇద్దరు వెనక్కి వెళ్లిపోయారు. ఫొటో స్టూడియో ఆయన చాలా నష్టపోయాడు. రెండు వారాల తర్వాత తనే పిలిచి మలుపు దగ్గర బోర్డు పెట్టించమన్నాడు. పెట్టించాను, కానీ అప్పటికే ఆలస్యమైంది. కల్వర్టు పని కూడా అనుకున్నదానికంటే వారం ఎక్కువ పట్టింది. ఆ మాట నేనే దుకాణం దుకాణానికీ వెళ్లి చెప్పి, తిట్లు తిన్నాను.

చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం చాచా దుకాణంలోకి వెళ్తే, స్టూలు మీద డిపో యజమాని కూర్చుని ఉన్నాడు. కాగితం మీద పాదం పెట్టాడు. చాచా దాని చుట్టూ పెన్సిల్‌తో గీస్తున్నాడు.

"మడమ గింత నొస్తుంటే ఇన్నేండ్లు పక్కనే ఉండి రాకపోతివి" అని చాచా కోప్పడ్డాడు.

"నువ్వు పిలిస్తివా?"

"కాలు కదపకు. గీత తప్పుతది."

ఇద్దరూ నన్ను చూడలేదు. నేను చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి, టిఫిన్ సెంటర్లో తీరిగ్గా చాయ్ తాగాను. ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది.

ఇప్పుడు బేగంపేటలో పని. అక్కడ ఆఫీసులు, హోటళ్లు, మెట్రో దిగి హడావుడిగా నడిచేవాళ్లు. మ్యాపు గీసే ముందు ఆ దారంతా ఒకసారి నడుస్తాను. బడికి సెలవైతే టీచరమ్మ కూడా వస్తుంది. మొన్న ఒక చోట ఆగి, "ఈడ కూసోనీకె ఒక బల్ల పడాలె" అంది. రాసుకున్నాను.