మాస్టారి ఎడమ చెవి

మా లెక్కల మాస్టారికి ఎడమ చెవి వినపడదు. ఈ సంగతి మా వార్డులో పలకపట్టిన పిల్లల దగ్గర నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరికీ తెలుసు. ఆయన పన్నెండేళ్ళు సైన్యంలో పనిచేసి, కాలికి దెబ్బ తగిలి బయటికొచ్చి, ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు మా వీధి బడిలో లెక్కలు చెప్పారు. చెవి ఎలా పోయిందనే దానికి మాత్రం మనిషికో కథ. పక్కనే ఫిరంగి పేలిందని సెలూన్ అతను చెప్పేవాడు. ఫిరంగి కాదు, పెళ్ళామని ఆయన తోడల్లుడు చెప్పేవాడు. మాస్టారినే అడిగితే, "ఏమిటీ? ఇటొచ్చి చెప్పు" అని కుడి చెవి చూపించేవారు.

తరగతిలో మాస్టారికి ఎడమ వైపు బెంచీలకు భలే గిరాకీ ఉండేది. లెక్కలంటే చలిజ్వరం వచ్చేవాళ్ళందరం అక్కడే చేరేవాళ్ళం. నేనైతే ఐదేళ్ళు అక్కడే కాపురం చేశాను.

"ఏడు తొమ్మిదులు ఎంతరా?"

"యాభై ఆరండీ."

"ఏమిటీ? వినపడలేదు."

ఈలోగా పక్కవాడు తొడ మీద గిల్లి చెవిలో ఊదేవాడు.

"అరవై మూడండీ."

"ఆఁ, అలా గట్టిగా చెప్పు."

కుడివైపు కూర్చున్న తెలివైనవాళ్ళకు ఈ సదుపాయం లేదు. ఒకసారి క్లాసు ఫస్టువాడు కడుపుమండి లేచాడు. "వాడు ముందు తప్పు చెప్పాడండీ, నేను విన్నాను."

"నువ్వు విన్నావు, నేను వినలేదు. మార్కులు వేసేది నువ్వా నేనా?" అన్నారు మాస్టారు. వాడు కూర్చున్నాడు.

ఆయన రిటైరైన నాలుగేళ్ళకు ఒకరోజు నా ప్రెస్సుకు వచ్చారు. అప్పటికి నేను పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు వేసుకుని బతుకుతున్నాను. కాస్త కుంటుతున్నా సైనికుడి నడకే, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో రెండు పేజీల కాగితం.

"ఒరేయ్, కరపత్రాలు వెయ్యాలి. వార్డుకి నిలబడుతున్నాను."

"ఈ వయసులో మీకెందుకండీ ఆ గొడవ?"

"బడి పడగొట్టి దుకాణాలు కడతారట. పిల్లలు రోజూ పెద్ద రోడ్డు దాటి అవతలి బడికి పోవాలట. అర్జీలు రాసి రాసి వేళ్ళు అరిగాయి. లోపల కూర్చుని కాదనేవాడు ఒకడుండాలి కదా."

అలా నేను ఆయనకు ప్రచార సేనాపతినయ్యాను. నా ముఖ్యమైన పని ఓటర్లను మాస్టారి కుడివైపుకు చేర్చడం. చేర్చేలోపు కొంపలు మునిగేవి. ఒక ఇంటి ముందు, మురుగు కాలువ పక్కన నిలబడి ఒకాయన ఎడమవైపు నుంచి, "చెవిటి మాలోకం, మన గోడేం వింటాడు" అని గొణిగాడు. మాస్టారు ఆయన చెయ్యి పట్టుకుని, "తప్పకుండా. గెలిస్తే మొదట మీ కాలువే చూస్తాను" అన్నారు. ఆయన ముఖం చూడాలి. సాయంత్రానికి మాస్టారి కరపత్రాలు ఆయనే పంచుతూ కనిపించాడు.

నాకు మాత్రం నమ్మకం కలగలేదు. అవతల నిలబడింది సిమెంటు దుకాణం ఆయన. చేతినిండా మనుషులు, ఊరినిండా బంధువులు. పోలింగుకు వారం ముందు ఆయన స్వయంగా నా ప్రెస్సుకు వచ్చాడు. ఆ సమయానికి మాస్టారు బల్ల దగ్గర, ఎడమ చెవి మా వైపు ఉండేట్టు కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి తన కరపత్రం ప్రూఫు దిద్దుకుంటున్నారు.

"మా పోస్టర్లు నువ్వే వెయ్యాలి. గెలిచాక మునిసిపల్ ఆఫీసు అచ్చుపని కూడా నీకే. ఇంతకీ మీ ఓట్లు ఎటు?" అన్నాడాయన.

మాస్టారి వైపు చూశాను. ఎడమ చెవి. ధైర్యం వచ్చింది.

"మా మాస్టారు ఎలాగూ గెలవరు లెండి. ఏదో పెద్దాయన ముచ్చట కొద్దీ తిరుగుతున్నాను. మా ఇంట్లో నాలుగూ, మా బావమరిది ఇంట్లో మూడూ మీకే" అన్నాను గుసగుసగా.

ఆయన వెళ్ళాక మాస్టారు లేచి, బల్ల మీద ఆయన వదిలిపెట్టిన పోస్టరు కాగితం చూశారు. "'అభివృద్ధి'కి వత్తు లేదురా. పెట్టు. ఎవరిదైనా తప్పు తప్పే" అని కలంతో దిద్ది వెళ్ళిపోయారు. తరువాత రెండు రోజులు ఒంట్లో బాగాలేదని ప్రచారానికి రాలేదు.

అన్న మాట ప్రకారం ఏడు ఓట్లూ అటే వేయించాను. మాస్టారు పదకొండు ఓట్లతో ఓడిపోయారు. ఏడు ఓట్లు అటు తగ్గి ఇటు పెరిగితే పద్నాలుగు తేడా. ఎడమ బెంచీలో కూర్చున్నవాడికి కూడా వచ్చే లెక్కే అది. లెక్కింపు గదిలో మాస్టారు సిమెంటాయనకు చెయ్యి అందించి, నా వైపు తిరిగి, "పద, కాళ్ళు లాగుతున్నాయి" అన్నారు, అంతే.

బడి పోయింది. ఆఫీసు అచ్చుపని నాకు వచ్చింది. పెద్ద రోడ్డు దగ్గర మాత్రం ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట మాస్టారు నిలబడేవారు. నోట్లో విజిల్, చాచిన చెయ్యి. లారీలు ఆగేవి, పిల్లలు దాటేవారు. నేను ఆ దారిన వెళ్ళడం మానేసి సందుల్లోంచి తిరిగేవాణ్ణి. ఒకసారి ఆగి నిజం చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. రేపు చెబుదాం, వచ్చే వారం చెబుదాం అంటూనే రెండేళ్ళు గడిచాయి. ఒక వానాకాలం ఆయన నిద్రలోనే పోయారు.

నెల తరువాత మాస్టారి ఇంటి నుంచి అమ్మగారు కబురు పెట్టారు, పింఛను తన పేరు మీదకి మార్చే కాగితాలు నింపిపెట్టమని. పాత ట్రంకుపెట్టెలోంచి ఆయన సైన్యం కాగితాలు తీసి ముందు పెట్టారు. వైద్య పరీక్ష పత్రం చదువుతూ ఆగిపోయాను. కుడి కాలు, గాయం. చెవులు, రెండూ బాగున్నాయి.

"ఇదేమిటండీ, తప్పు రాశారు."

"తప్పేం లేదు నాయనా. వంటింట్లో నేను నాలో నేను సణుక్కున్నా వీధి అరుగు మీద నుంచి జవాబు చెప్పేవారు. ముప్ఫై ఏళ్ళు అదే నా బాధ."

"మరి బడిలో..."

"చేరిన మొదటి నెలలో ఒక పిల్ల లెక్క తప్పు చెప్పిందట. క్లాసంతా నవ్వింది. ఈయనా నవ్వారట. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళి బతిమాలారు, రాలేదు. అప్పుడు పోయింది ఆ చెవి."

అడగకుండా ఉండలేకపోయాను.

"అయితే ఎన్నికలప్పుడు, ప్రెస్సులో నేనన్న మాట..."

"ఇంటికొచ్చి చెప్పారు."

"కోపం వచ్చిందా అండీ?"

"రాకేం. రెండు రోజులు గదిలోంచి కదల్లేదు. మూడోనాడు నువ్వు పిలవడానికొచ్చి గుమ్మంలో తచ్చాడుతుంటే కిటికీలోంచి చూసి, 'వీడికి గుసగుసలాడటం కూడా రాదే. వీధి చివరికి వినపడేట్టు మాట్లాడాడు. ఇలాంటి అమాయకుడు ఆ సిమెంటాయన దగ్గర ఎలా నెగ్గుకొస్తాడో' అని దిగులుపడి, చొక్కా తొడుక్కుని నీతో బయల్దేరారు."

నేను తల వంచుకుని కాగితం నింపడం మొదలుపెట్టాను. అక్షరాలు సరిగ్గా ఆనడం లేదు. అమ్మగారి పేరు రాయాల్సిన చోట నా పేరు రాసేశాను.

ఆవిడ చూశారు. పెట్టెలోంచి ఇంకో ఖాళీ ఫారం తీసి నా ముందు పెట్టి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.