పెనం కింద పెంకులు

ఖిదిర్‌పూర్ రేవు దాటి పాత గోదాముల వెనక్కి వెళితే, హుగ్లీ ఒడ్డున ఘంటాబార్ ఉండేది. బోర్డు మీద అసలు పేరు వానలకి చెరిగిపోయి చాలా ఏళ్ళయింది. ఓడ నుంచి ఊడదీసిన కంచుగంట ఒకటి వంటగది గుమ్మానికి వేలాడేది. బర్గర్ తయారైతే గంట మోగుతుంది, అడిగినవాడు తానే వచ్చి పట్టుకుపోవాలి. బల్ల దగ్గరికి తెచ్చిపెట్టే మర్యాదలు అక్కడ లేవు. సాస్ కావాలన్నవాణ్ణి యజమాని ఆశిష్ ఎగాదిగా చూసేవాడు.

ఆ బర్గర్లు చేసేది అప్పలసూరి. వాళ్ళ నాన్న శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి రేవులో బస్తాలు మొయ్యడానికి వచ్చాడు. సూరి బస్తాలకి బదులు గరిటె పట్టి, ఇరవై రెండేళ్ళుగా ఒకే పెనం ముందు నిలబడ్డాడు. కీమాలో పచ్చిమిర్చితో పాటు కాస్త ఆవపిండి కలుపుతాడు. ఆ కిటుకు పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంకొక సంగతైతే పెళ్ళానికీ చెప్పలేదు.

రెండేళ్ళ కిందట ఒకనాడు పెనం మీద పోసిన నూనె నడుమ నిలవకుండా నదివైపు అంచుకి జారింది. పెనం మోసేది మూడుకాళ్ళ ఇనప స్టాండు. సూరి నదివైపు కాలు కింద ఒక పెంకుముక్క దోపాడు. నూనె నిలిచింది. ఆరునెలలకి మళ్ళీ జారింది, రెండో పెంకు పెట్టాడు. మొన్న వానల్లో మూడోది. నేల ఏటివైపు ఒరుగుతోందని నూనె చెబుతూనే ఉంది, అర్థం కాకపోవడానికి సూరి చిన్నపిల్లవాడు కాదు. కానీ చెబితే బారు మూస్తారు. యాభై దాటినవాడు, బర్గర్ తప్ప మరో విద్య రానివాడు, ఎక్కడికి పోతాడు? కడుపు మీదికొచ్చే నిజం కన్నా పెంకుముక్కే ముద్దనిపించింది.

ఈలోగా ఎవరో ఈ బర్గర్ల మీద ఫోనులో వీడియో పెట్టారు. జనం కూర్చునేది వంటగదిని ఆనుకుని, నీళ్ళలో పాతిన గుంజల మీద నిలబడ్డ చెక్క వరండాలో. పదిమందికి సరిపోయే ఆ వరండాలోకి యాభై మంది రావడం మొదలైంది. ఎంత రద్దీ అయినా చివరి కుర్చీ మాత్రం కోదండానిదే. రేవులో క్రేను నడిపి రిటైరైనవాడు. క్రేను రొదకి చెవులు పోయాయి, వయసుకి పళ్ళు పోయాయి. వరసకి ఏమీ కాకపోయినా సూరికి అతను బావ. రోజూ ఒక పెగ్గు రమ్ము ముందు పెట్టుకుని నదిని చూస్తూ కూర్చుంటాడు. ఘంటాబారుకి రోజూ వచ్చి ఒక్కనాడూ బర్గర్ తినని మనిషి అతనొక్కడే.

"నీ బర్గరు నమల్డానికి నాకు పళ్ళెక్కడున్నాయిరా సూరీ" అనేవాడు.

మహాలయ అమావాస్య నాడు నదికి పెద్ద బాన్ వస్తుందన్నారు. సముద్రం పోటెత్తి నదిలోకి నిలువెత్తు నీళ్ళని ఎదురు తోసే రోజు అది. పడవల్ని పక్కకి తీయమని పోలీసులు పొద్దుటినుంచి మైకులో అరుస్తున్నారు. ఒక చేత్తో బర్గర్, ఒక చేత్తో ఫోను పట్టుకుని బాన్ చూద్దామని జనం వరండాని నింపేశారు.

సూరి పెనం మీద నూనె పోశాడు. మూడు పెంకులున్నా నూనె బిరబిరా నదివైపు పరుగెత్తింది. ఒక్క రాత్రిలో రెండు వేళ్ళ మందాన నేల దిగింది. చెయ్యి అలవాటు కొద్దీ నాలుగో పెంకు పెట్టేసింది. నూనె నిలిచింది గాని సూరి గుండె నిలవలేదు. ఆశిష్‌ని పిలిచాడు.

"దాదా, నేల ఒరిగిపోతోంది. వరండా ఖాళీ చేయించు."

ఆశిష్ పెనం కేసి చూశాడు. "నూనె నడిమధ్యనే ఉందిగా. నీకేమన్నా పిచ్చా?"

తను పెట్టిన పెంకులే తన మాటకి అడ్డొచ్చాయి. సూరి వంగి నాలుగింటినీ లాగి జేబులో కుక్కుకున్నాడు. పెనం వాలింది. నూనె, కీమా ముద్దలూ జారి నేలమీద పడ్డాయి. ఆశిష్ వంగి స్టాండు కాలు కింద చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

ఆశిష్ వరండాలోకి వెళ్ళి అరిచాడు. బాన్ చూసి లేస్తామన్నారే గాని ఒక్కడూ కదల్లేదు. సూరి గంట విప్పి, రోడ్డవతల వేపచెట్టుకి కట్టి, సిద్ధంగా ఉన్న బర్గర్ల పళ్ళెం అక్కడ పెట్టి వాయించాడు. ఇవాళ ఊరికే ఇస్తున్నామన్నాడు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే లోకం. రెండు నిమిషాల్లో జనమంతా రోడ్డు మీద ఉన్నారు.

బాన్ వచ్చింది. హోరుమని గుంజల్ని కొట్టింది. వరండా ఒణికింది, నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు, కొందరు సూరిని చూసి నవ్వారు. సూరి కూడా నవ్వాడు. ప్రాణం కుదుటపడ్డాక వాళ్ళ నాన్న మాట గుర్తొచ్చింది. నీరు వొచ్చినప్పుడు కొడతాది, ఎల్లినప్పుడు పట్టుకెల్తాది. నవ్వు ఆగిపోయింది. వేపచెట్టు కింద ముఖాలు ఒక్కొక్కటే వెతికాడు. కోదండం లేడు. గంట బర్గర్ తినేవాళ్ళకి. అతను తినడు. పైగా వినపడదు.

సూరి రోడ్డు దాటి వంటగదిలోంచి పరుగెత్తాడు. కోదండం తడిసిన పంచెతో ఖాళీ వరండా చివర కూర్చుని ఉన్నాడు. సూరిని చూసి గ్లాసు ఎత్తాడు.

"సూసినావేట్రా, ఎంత పెద్దదో."

"బావా, లే. లెగిసి వొచ్చీ."

కోదండం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏటి?"

సూరి గుమ్మం దాటి కాలు పెట్టబోయేసరికి అడుగున గుంజ ఫెళ్ళున విరిగింది. వెనక్కి మళ్ళిన నీటితో పాటు వరండా మొత్తం, కుర్చీతో సహా, నెమ్మదిగా వెళ్ళిపోయింది. సూరి చెయ్యి గుమ్మం పట్టుకునే ఉండిపోయింది.

సాయంత్రానికి శవం దొరికింది. ఏక్‌బాల్‌పూర్‌లోని తమ ఇంటి ముందు కోదండం భార్య మహాలక్ష్మమ్మ ఏడుపు ఆపుకుని సూరి కేసి చూసింది.

"అందర్నీ పిలిసినావంట. మీ బావని పిలవనేదేట్రా?"

సూరి జేబులో చెయ్యి పెట్టాడు.

"కూలిపోద్దని నీకేటి తెలుసు?" అని ఆమే సర్దిచెప్పుకుంది.

"తెలుసప్పా. రెండేళ్ళై తెలుసు."

జేబులోంచి నాలుగు పెంకుముక్కలు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమెకి అవేమిటో అర్థం కాలేదు. అప్పలసూరి నేలమీద కూలబడి, మొదటి పెంకు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.